పిల్లి గొంతుకు ఏదైనా అడ్డం పడితే

పిల్లి ఉన్నట్టుండి నేలకు కరుచుకుని, మెడ ముందుకు చాచి, ఒళ్లంతా కుదిపేస్తూ దగ్గుతుంటే, దాని గొంతులో ఏదో అడ్డం పడిందనే ఎవరైనా కంగారు పడతారు. చాలాసార్లు జరిగేది అది కాదు. ఒళ్లు నాకి శుభ్రం చేసుకునేటప్పుడు కడుపులోకి పోయిన వెంట్రుకలను కక్కే పిల్లి, ఉబ్బసం వల్ల దగ్గు తెర వచ్చిన పిల్లి చూడటానికి ఇంచుమించు ఇలాగే ఉంటాయి. వెంట్రుకలు కక్కే పిల్లికి డొక్కలు ఎగిరెగిరి పడతాయి. కాసేపు ఓకరించాక పొడవాటి తడి చుట్ట ఒకటి బయటపడుతుంది, పిల్లి ఏమీ ఎరగనట్టు లేచి వెళ్లిపోతుంది. ఉబ్బసం దగ్గులో సాధారణంగా ఏమీ బయటికి రాదు, ఊపిరి వదిలేటప్పుడు సన్నని ఈల వినిపించవచ్చు. మనుషుల ఆయాసంలో ఆ ఈలనే మనం పిల్లికూతలు అంటాం. తీరా అవి పిల్లికే వచ్చినప్పుడు పోల్చుకోలేకపోతాం.

శ్వాసమార్గం నిజంగా మూసుకుపోయినప్పుడు కనిపించే తీరు వేరు. తింటూనో ఆడుకుంటూనో ఉన్న పిల్లి హఠాత్తుగా బెదిరిపోయి, ముందుకాళ్లతో మూతిని గీరుకుంటుంది, చొంగ కారుస్తుంది, నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడుతుంది. లేత గులాబీ రంగులో ఉండే చిగుళ్లు పాలిపోయి నీలంగా మారతాయి. ఇక్కడ భయపడవలసింది శబ్దానికి కాదు, నిశ్శబ్దానికి. పిల్లి గట్టిగా దగ్గగలుగుతోందంటే ఎంతో కొంత గాలి ఆడుతోందన్నమాట, అప్పుడు దాని దగ్గును మించిన చికిత్స మన చేతుల్లో లేదు. విశ్రాంతిగా ఉన్న పిల్లి నిమిషానికి 15 నుంచి 30 సార్లు, అదీ ముక్కుతోనే, ఊపిరి తీస్తుంది. ఊరికే కూర్చున్న పిల్లి నోటితో రొప్పుతుంటే, కారణం ఏదైనా సరే, అది అత్యవసర పరిస్థితే.

పిల్లికి ఉన్న 30 పళ్లు మాంసాన్ని కత్తెరలా తుంచడానికి పనికొస్తాయి గాని మెత్తగా నమలడానికి కాదు, అందుకే ముక్కలను అలాగే మింగేస్తుంది. దాని నాలుక మీద గోళ్ల పదార్థంతోనే తయారైన సన్నని ముళ్లు గొంతు వైపుకు వంగి ఉంటాయి. వేలితో తాకితే గరగరలాడే ఆ ముళ్ల వల్లనే నోట్లో పడిన దారం వెనక్కి రాక లోపలికే జారుతుంది. అలా వేలాడే దారాన్ని లాగడం చాలామంది చేసే పొరపాటు: దాని రెండో కొస నాలుక మొదట్లో చుట్టుకునో, సూదితో సహా పేగుల్లోకి దిగో ఉంటే, లాగిన కొద్దీ పేగు కోసుకుపోతుంది.

ఊపిరి ఆడుతున్న పిల్లిని తువ్వాలులో చుట్టి వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. ఆడనప్పుడు మాత్రం ఆగకూడదు. పై దవడను పట్టుకుని తల కొద్దిగా ఎత్తి, కింది దవడను తెరిచి చూడాలి. వస్తువు కంటికి కనిపించి, పట్టుకు అందితేనే ట్వీజర్‌తో తీయాలి. చూడకుండా వేలు పెట్టి కెలికితే అది మరింత లోతుకు దిగుతుంది. అందకపోతే తల కిందికి ఉండేలా పట్టుకుని భుజాల మధ్య అరచేతితో కొన్నిసార్లు చరచాలి. అయినా రాకపోతే దాని వీపును మన ఛాతీకి ఆనించుకుని, పక్కటెముకలు ముగిసే చోట మెత్తటి భాగాన్ని లోపలికి, తల వైపుకు చటుక్కున నొక్కాలి. అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ 1974లో మనుషుల కోసం ప్రకటించిన పద్ధతే ఇది, కాని పిల్లి ఒంటికి తగ్గ బలమే వాడాలి. 5 సార్లు నొక్కి, మళ్లీ నోరు చూడాలి. స్పృహ తప్పి ఊపిరి ఆగిపోతే పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో ఛాతీని చుట్టి పట్టుకుని, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, ఛాతీ మందంలో మూడో వంతు నుంచి సగం వరకు అణిగేలా నొక్కాలి. ప్రతి 30 నొక్కులకూ నోరు మూసి పట్టి ముక్కులోకి 2 సార్లు ఊదాలి. పక్కన ఇంకొకరుంటే ఈలోగా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరే ఏర్పాటు చేయాలి.

అడ్డు తొలగి, పిల్లి తేరుకుని ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టినా వైద్యుడికి చూపించాల్సిందే, ఎందుకంటే ఆ పెనుగులాట తర్వాత కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మనం నొక్కిన చోట లోపలి అవయవాలకు దెబ్బ తగిలి ఉండవచ్చు. ఈ హడావిడిలో పిల్లి మన వేలిని కొరికి ఉంటే, పైకి చిన్న గాటులా కనిపించే ఆ గాయం లోతుగా దిగి తొందరగా చీము పట్టే రకం కాబట్టి, సబ్బు నీళ్లతో బాగా కడిగి ఆ రోజే మన వైద్యుడికి కూడా చూపించుకోవాలి.