చలికాలపు పక్షుల ఫొటోలు: చెరువుకట్ట మీది అపోహలు

అనంతపురం చుట్టుపక్కల చెరువుల వెంట కెమెరా వేసుకుని తిరగడం నాకు అలవాటు. ఏటా చలికాలం వచ్చిందంటే కట్ట మీద ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: మంచు ఉంటేనే చలికాలపు ఫొటో. కాశ్మీరుకో లడఖ్‌కో పోవాల్సిందే.

వాస్తవం: నీళ్లు గడ్డకట్టాక బాతుకు తిండి ఎక్కడిది? అడుగునున్న గింజలు, నాచు అందకనే సూదితోక బాతులు, చెంచామూతి బాతులు ఉత్తరాసియా నుంచి మన చెరువులకు దిగుతాయి. పట్టెతల బాతులైతే టిబెట్, మంగోలియా సరస్సుల నుంచి హిమాలయాలు దాటి దక్షిణాదికి వస్తాయి. అక్కడ మంచు కరిగే వేళకు చేరుకోవాలి కాబట్టి మార్చి వచ్చేసరికి ప్రయాణం కడతాయి. అంటే అక్కడి మంచే మనకు గడువు పెడుతుంది.

అపోహ: అక్టోబరులో బాతులు రాగానే ఫొటోలు తీసేయాలి.

వాస్తవం: నేనూ అలాగే పరిగెత్తాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఆడబాతులే! మగవి అప్పటికింకా పాత ఈకలు రాల్చుకుని ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయని తర్వాత తెలిసింది. జనవరికి రంగు తేలతాయి. సూదితోక మగబాతుకు చాక్లెట్ రంగు తల, రొమ్ము మీది తెలుపు సన్నటి గీతలా మెడ పక్కనుంచి పైకి పాకడం అప్పుడు చూడాలి.

అపోహ: వీరాపురం కొంగలు సైబీరియావి.

వాస్తవం: చిలమత్తూరు మండలం వీరాపురం వెళ్లిన ప్రతివాళ్లూ ఈ మాటే అంటారు. అక్కడ కనిపించే ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియా పక్షులు. ఆ ఊరి చెట్ల మీదే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతాయి. పురిటికి పుట్టింటికొచ్చే ఆడపడుచులు అనుకోండి, పరాయిదేశపు చుట్టాలు కావు. ఎండ ముదిరితే తల్లి రెక్కలు చాచి పిల్లలకు గొడుగు పడుతుంది. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపితే ఆ నీడ పోతుంది, కాకులకు సందు దొరుకుతుంది. అలా కొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: నక్కి నక్కి పోతే దగ్గరికి చేరొచ్చు.

వాస్తవం: వంగి, కళ్లు పక్షి మీదే పెట్టి నేరుగా నడిచేది వేటాడే జంతువు. గొర్రెలకాపరి పక్కనుంచే పోతుంటాడు, ఒక్క బాతూ కదలదు. ఆయనలాగే ఎటో పోతున్నట్టు ఏటవాలుగా నడవండి. మేత ఆపి మెడలు నిక్కించాయా, ఆగిపోండి. ఇంకో అడుగు వేస్తే గుంపంతా లేస్తుంది.

సెట్టింగుల సంగతి ఒక్క ముక్కలో: నల్లటి నీళ్ల మీద తెల్ల పక్షి ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువ లాగేసుకుంటుంది, ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుతురు సగానికి.

ఇక పెద్ద లెన్సు కొంటే సరిపోతుందనే అపోహ. మా సీమలో జనవరిలో కూడా పొద్దెక్కేసరికి నేల వేడెక్కి గాలి నీళ్లలా వణుకుతుంది. ఆ వణుకులోంచి దూరాన ఉన్న పక్షిని తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా మసకే. తొమ్మిదిన్నర దాటితే నేను కెమెరా సంచిలో పెట్టేసి టీకొట్టుకు పోతాను.