పులికూనలు తిరుపతికే ఎందుకు చేరాయి?

2023 మార్చి మొదటి వారంలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో ఊరి పక్కన నాలుగు పులికూనలు కనిపించాయి. కుక్కలు మీద పడతాయన్న భయంతో గ్రామస్థులు వాటిని ఒక గదిలో ఉంచి అటవీశాఖకు కబురు పెట్టారు. ఆ తర్వాత కొన్ని రోజులపాటు సిబ్బంది పాదముద్రలు వెతుకుతూ, ట్రాప్ కెమెరాలు బిగిస్తూ, టీ-108 అని నంబరు పెట్టిన తల్లిపులి కోసం ఆత్మకూరు అడవిని గాలించారు. కూనలను అడవిలోకి తీసుకెళ్లి, అది వస్తుందనుకున్న చోట ఉంచి చూశారు. తల్లి రాలేదు. చివరికి నాలుగింటినీ తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు తరలించారు. విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో పుట్టిన కూనలు జూకు ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆ వారంలో తీసుకున్న నిర్ణయంలో కన్నా, అంతకుముందు యాభై ఏళ్ల చరిత్రలోనే ఎక్కువగా ఉంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టి ప్రధానంగా వేట మీద ఉండేది. వేటను ఆపడం, చర్మాల వ్యాపారాన్ని అరికట్టడం, అభయారణ్యాలను ప్రకటించడం దాని తొలి లక్ష్యాలు. గాయపడిన జంతువును ఎవరు చూడాలి, తల్లి పోయిన పిల్లను ఎలా పెంచాలి అన్న విషయాలు అప్పటి ఆలోచనలో పెద్దగా లేవు. అలాంటి జీవి దొరికితే దగ్గరలోని జూకు పంపడమే ఆనవాయితీ. దానికి ఎదురు నడిచినవారిలో ఉత్తరప్రదేశ్‌లోని దుధ్వా ప్రాంతంలో వ్యవసాయం చేసుకునే అర్జన్ సింగ్ ఒకరు. ఇంగ్లండ్‌లోని ట్వైక్రాస్ జూ నుంచి 1976లో తెచ్చిన తార అనే ఆడపులి పిల్లను ఆయన పెంచి, 1978లో అడవిలోకి వదిలారు. చేతులతో పెంచిన పులి అడవిలో బతకగలదని నిరూపించడమే ఆయన పట్టుదల. తర్వాత దుధ్వా పులుల్లో సైబీరియా పులుల జన్యువుల ఛాయలు కనిపించడంతో ఆ ప్రయోగం వివాదంలో పడింది. తప్పు పెంపకానిది కాదు, పులి మూలం తెలుసుకోకపోవడానిది. అయినా పెంచిన పులిని వదలడమంటేనే అధికారులు జంకడానికి ఈ ఉదంతం చాలాకాలం ఒక సాకుగా పనికివచ్చిందని నా అభిప్రాయం.

మన దేశంలో ప్రభుత్వ రెస్క్యూ కేంద్రాలు పెద్ద ఎత్తున ఏర్పడింది అడవి జంతువుల కోసం కాదు, సర్కస్ జంతువుల కోసం. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు ఇప్పించరాదని కేంద్రం 1998 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించగా, 2001 మేలో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. అంతవరకు డేరాల వెనక బోనుల్లో పడి ఉన్న వందలాది సింహాలు, పులులను ఎక్కడ ఉంచాలన్నది అప్పుడు అత్యవసర సమస్య అయింది. దేశంలోని జూలను పర్యవేక్షించే సెంట్రల్ జూ అథారిటీ విశాఖపట్నం, తిరుపతి, చెన్నై, బెంగళూరు, భోపాల్, జైపూర్ వంటి చోట్ల వాటికి ప్రత్యేక కేంద్రాలు కట్టించింది. ఆ సింహాల్లో చాలావరకు ఆసియా, ఆఫ్రికా జాతుల కలయికతో పుట్టినవి కాబట్టి వాటి సంతతి పెరగకుండా జాగ్రత్తపడ్డారు. చివరి జంతువు కన్నుమూసేదాకా తిండి, వైద్యం, నీడ చూసుకోవడమే ఆ కేంద్రాల పని. ఆడించే ఎలుగుబంట్లను, వాటితో బతుకు వెళ్లదీసే కలందర్ల నుంచి విడిపించి ఆగ్రాలోనూ బన్నేరుఘట్టలోనూ ఉంచినప్పుడు జరిగిందీ ఇదే. ముక్కుకు తాడు వేసి, పళ్లు ఊడగొట్టిన ఎలుగుబంటిని అడవికి పంపే మాటే లేదు.

ఇలా రెస్క్యూ కేంద్రమంటే జీవితాంతం ఉండే ఆశ్రయం అన్న అర్థం స్థిరపడింది. విచిత్రమేమంటే, సరిగ్గా ఆ సమయంలోనే చట్టం మరో దిక్కుకు తిరిగింది. 2003 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, మనుషుల ప్రాణానికి ముప్పు అయిందని పట్టుకున్న జంతువునైనా సరే, తిరిగి అడవిలో బతికే అవకాశం లేదని రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నిర్ధారణకు వచ్చి, కారణాలను రాతపూర్వకంగా నమోదు చేస్తే తప్ప బంధనంలో ఉంచకూడదు. అంటే అడవికి పంపడం నియమం, బోను మినహాయింపు. కట్టిన కేంద్రాలు మాత్రం దాదాపు అన్నీ మినహాయింపు కోసమే ఉన్నాయి.

నియమాన్ని అమలుచేసే పద్ధతులను ఒక్కో ప్రాంతం తన అనుభవంతో నేర్చుకుంది. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో పట్టిన చిరుతలను దూరపు అడవుల్లో వదిలితే సమస్య తీరుతుందని మొదట అనుకున్నారు. కానీ అలా వదిలాక మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయని 2011లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అదే ఏడాది కేంద్ర పర్యావరణ శాఖ చిరుతలను అలా తరలించవద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. కూనల విషయంలో మాత్రం అక్కడ చక్కని పద్ధతి కుదిరింది. చెరకు కొట్టేటప్పుడు కూలీలకు కూన దొరికితే పశువైద్యుడు దాని ఒంటిమీద గాయాలు, పిడుదులు ఉన్నాయేమో చూస్తారు. చీకటి పడకముందే సరిగ్గా దొరికిన చోటనే పెట్టెలో ఉంచి, కెమెరా అమర్చి, మనుషులనూ దీపాలనూ దూరం చేస్తారు. రాత్రి తల్లి వచ్చి పెట్టెను పడదోసి, కూనను మెడపట్టి తీసుకుపోతుంది. దొరికిన చోటు మారినా, గంటలు గడిచినా ఆ అవకాశం తగ్గిపోతుంది.

తల్లి ఇక దొరకదని తేలిన పిల్లలకు తొలినాళ్లలోనే దారి చూపింది అస్సాం. కాజీరంగా పక్కన పాన్‌బారీలో 2002లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, రాష్ట్ర అటవీశాఖ కలిసి నెలకొల్పిన కేంద్రానికి బ్రహ్మపుత్ర వరదల్లో తల్లుల నుంచి తప్పిన ఖడ్గమృగం పిల్లలు, ఏనుగు గున్నలు వస్తుంటాయి. 1990లలో జరిగిన అల్లర్లలో మానస్ జాతీయ పార్కు ఖడ్గమృగాలన్నింటినీ కోల్పోయింది. 2006లో పాన్‌బారీలో సీసాపాలతో పెరిగిన ఒక ఆడ ఖడ్గమృగం పిల్లను అక్కడికి తరలించారు. అలా వెళ్లినవాటిలో కొన్ని తర్వాతి సంవత్సరాల్లో పిల్లలనూ కన్నాయి. ఇక్కడ కేంద్రాన్ని కట్టేటప్పుడే జంతువు ఎక్కడికి తిరిగి వెళ్లాలో ఆలోచించారు. సర్కస్ సింహాల కోసం కట్టిన కేంద్రాలతో దీనికున్న తేడా అదే.

పెంచిన జంతువును అడవికి పంపే ఆ ధైర్యం పులుల విషయంలో మధ్యప్రదేశ్‌లోని పన్నా నుంచి వచ్చింది. 2009 నాటికి ఒక్క పులీ మిగలని ఆ అడవికి వేరే చోట్ల నుంచి పులులను తెచ్చారు. వాటిలో పెంచ్ నుంచి వచ్చిన మగపులి టీ-3 సొంత ఊరు వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడిచిపోతే మత్తుమందు ఇచ్చి వెనక్కి తేవలసి వచ్చింది. 2005లో తల్లి పోయి కాన్హాలో కంచె వేసిన ఆవరణలో (ఎన్‌క్లోజర్‌లో) పెరిగిన అక్కాచెల్లెళ్లు టీ-4, టీ-5లను 2011లో పన్నాలో వదిలారు. టీ-4 వేటాడింది, టీ-3తో జతకట్టి పిల్లలను కన్నది.

జాతీయ పులుల సంరక్షణ సంస్థ అనాథ కూనల కోసం రూపొందించిన కార్యాచరణ నియమావళిలోనూ ఇదే మార్గం కనిపిస్తుంది. తల్లితో కలపడం సాధ్యం కాకపోతే పర్యాటకుల కంట పడకుండా అడవిలోనే ఎన్‌క్లోజర్‌లో కనీసం రెండేళ్లు పెంచాలి. ప్రతి పిల్లా కనీసం 50 జంతువులను తానే వేటాడి చంపగలగాలి. ఆ తర్వాతే, ఎక్కడుందో తెలిపే రేడియో కాలర్ మెడకు తగిలించి వదలాలి. దానికి కావలసింది అడవి మధ్య కంచె వేసిన విశాలమైన జాగా, నాలుగింటికీ కలిపి కనీసం 200 వేటలకు సరిపడే జంతువులు, కూనలకు తమ ముఖం అలవాటు కాకుండా మెలగగల సిబ్బంది. పాలు పూర్తిగా మానని నాలుగు కూనలు చేతికొచ్చిన రోజున ఇవన్నీ అప్పటికప్పుడు సమకూరేవి కావు. వైద్యులు, వంటగది, పులులను సాకిన అనుభవం అన్నీ ఒకచోట సిద్ధంగా ఉన్నది తిరుపతిలో. అంతకు ఇరవయ్యేళ్ల ముందు సర్కస్ సింహాల కోసం రెస్క్యూ కేంద్రం కట్టిందీ అక్కడే.