పొట్టకూ చక్కెరకూ ఉన్న పాత లంకె

దీర్ఘకాలిక అజీర్తికి ఒక వైద్యుడు, మధుమేహానికి ఇంకొకరు. ఆసుపత్రుల్లో ఈ పంపకం స్థిరపడిపోయింది కానీ, శరీరానికి ఆ సంగతి తెలియదు. రెండింటి మధ్య లంకె ఉందన్న అనుమానం ఇన్సులిన్ కన్నా పాతది.

1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ సెక్రెటిన్‌ను కనుగొన్నారు. చిన్నపేగు గోడలో పుట్టే ఈ పదార్థం రక్తంలో ప్రయాణించి క్లోమగ్రంథి చేత జీర్ణరసాన్ని స్రవింపజేస్తుంది. జీర్ణక్రియను నడిపేవి నరాలేనన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ. క్లోమాన్ని పేగు కదిలించగలిగితే, మధుమేహానికీ పేగులోనే మందు దొరకవచ్చు కదా? 1906లో బెంజమిన్ మూర్ బృందం పేగు సారాన్ని రోగులకు తాగించి చూసింది. 1921లో ఇన్సులిన్ వచ్చాక వైద్యలోకం చూపంతా అటు మళ్లింది.

రక్తంలోని ఇన్సులిన్‌ను కొలవడం సాధ్యమయ్యాక, 1964లో పాత అనుమానానికి రుజువు దొరికింది. నోటితో తాగిన గ్లూకోజ్, సిరలోకి ఎక్కించిన గ్లూకోజ్ కన్నా ఎక్కువ ఇన్సులిన్‌ను రప్పిస్తోంది. తిండి వచ్చిందని పేగు ముందే కబురు పంపుతోందన్నమాట. టైప్ 2 మధుమేహంలో ఈ కబురుకు స్పందన బలహీనపడుతుందని 1986లో జర్మనీ పరిశోధకులు చూపారు.

ఇక ఎదురు దిశ. రక్తంలో పెరిగిన చక్కెర వల్ల పొట్ట ఎలా దెబ్బతింటుంది? దీర్ఘకాల మధుమేహుల్లో జీర్ణాశయం ఆలస్యంగా ఖాళీ కావడాన్ని గమనించి, 1958లో పాల్ కసాండర్ దానికి గ్యాస్ట్రోపరేసిస్ అని పేరు పెట్టారు. పొట్టను కదిలించే వేగస్ నరం దెబ్బతినడం ఒక కారణం. నరం బాగున్నా, ఆ పూట చక్కెర బాగా పెరిగి ఉంటే పొట్ట నెమ్మదిస్తుంది. అప్పుడు భోజనానికి ముందు తీసుకున్న ఇన్సులిన్ ముందే పనిచేసి, ఆహారం వెనకబడుతుంది: మొదట చక్కెర పడిపోవడం, తర్వాత ఎగబాకడం. కొందరికి లక్షణాలే ఉండవు. చక్కెర ఎందుకు ఇలా ఊగుతోందని మోతాదులు మారుస్తూ పోతారు తప్ప, పొట్టను అనుమానించరు.

1982లో పొట్టలో అల్సర్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా దొరికాక అజీర్తి కథ వేరే దారి పట్టింది. అల్సర్లకు అది గొప్ప మలుపే. కానీ ఎండోస్కోపీలో ఏమీ కనిపించని అజీర్తి పీడితులు చాలామంది మిగిలిపోయారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: అజీర్తి ఉన్నంత మాత్రాన మధుమేహం వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు లోపలి ఒత్తిడిని పెంచి ఆమ్లాన్ని పైకి తోస్తుంది. అదే కొవ్వు ఇన్సులిన్ నిరోధకతకూ, అంటే శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడానికీ, తోడవుతుంది. చాలాసార్లు రెండు బాధలకూ మూలం ఒకటే.

మందులూ ఈ లంకెను బయటపెట్టాయి. పేగు హార్మోన్‌ను అనుకరించే ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో అనుమతి లభించింది. ఈ కోవ మందులు చక్కెరను తగ్గిస్తూనే పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి; వికారం అందులో భాగమే. మధుమేహానికి విరివిగా వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర తెచ్చే పొట్ట గడబిడ సరేసరి. అందుకే మధుమేహి అజీర్తి అంటే వైద్యుడు ముందు మందుల చీటీ అడగాలి. పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని కొలిచే పరీక్ష కూడా చక్కెర అదుపులో ఉన్నప్పుడు చేయాలి. లేకపోతే తాత్కాలిక మందగమనం జబ్బుగా నమోదవుతుంది.