కోవిడ్‌లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ల గురించి మన అపోహలు, వాస్తవాలు

కోవిడ్ అయిపోయింది కదా, ఇంకా ఆ మాటలెందుకు అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నిద్ర పట్టడం లేదనో, ఊరికే కోపం వస్తోందనో, బీపీ మాత్రలు వాడుతున్నా తగ్గడం లేదనో వస్తారు. మాట్లాడుతూ పోతే కథ 2021 ఏప్రిల్, మే నెలల దగ్గర ఆగుతుంది. ఇప్పటికీ ఆగుతోంది.

ఆ రోజుల్లో మనుషులు పోవడంతోపాటు, మనిషి పోయినప్పుడు చుట్టూ జరగాల్సినవన్నీ ఆగిపోయాయి. ఇంటి ముందు టెంటు పడలేదు. పొయ్యి వెలగని ఇంటికి పక్కింటి నుంచి అన్నం రాలేదు. మేనత్త వచ్చి మెడ పట్టుకుని ఏడవలేదు. చాలామంది ఇంకా తేరుకోకపోవడానికి వాళ్ల గుండె గట్టిది కాకపోవడం కారణమని నేను అనుకోను. వాళ్లకు రావాల్సిన పరామర్శ రాలేదు. కింద రాసినవన్నీ ఆ కోణంలోంచి రాసినవే. ఉదాహరణలు ఏ ఒక్కరివీ కావు, చాలామంది మాటలు కలిపి చెబుతున్నాను.

అపోహ: నా వల్లే సోకింది, నేనే చంపుకున్నాను.

అన్నిటికంటే బరువైనది ఇదే కాబట్టి ముందు దీని సంగతి.

"నేనే బయట తిరిగిన మేడమ్. కూరగాయలకని పోయిన. నాకేం కాలే, నాయిన పోయిండు." ఇలాంటి మాట విన్నప్పుడు "నీ తప్పేం లేదు" అనేయడం సులువు. ఆ మాట అతనికి అప్పటికే అందరూ చెప్పి ఉంటారు. దాంతో మాట ముగుస్తుంది, భారం మాత్రం అతని దగ్గరే ఉండిపోతుంది. నేను ఒక తెల్లకాగితం ఇచ్చి రోజులవారీగా రాయమంటాను. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చింది, ఎవరు ఎక్కడికి వెళ్లారు, టెస్టు ఎప్పుడు చేయించారు, ఆ రోజుకు ఇంట్లోవాళ్లకు తెలిసింది ఎంత.

వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పట్టవచ్చు. లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే పక్కవాళ్లకు అంటుకోవచ్చు. కొందరికి అసలు లక్షణాలే ఉండవు. ముందు జ్వరం వచ్చినవాడే ఇంటికి తెచ్చాడని అందరూ లెక్క వేస్తారు గానీ, కాగితం మీద పెడితే ఆ లెక్క నిలబడదు. చాలా ఇళ్లలో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చడం కుదరదు.

ఇంకో రకం కూడా ఉంది. "ఆ రాత్రి ఆక్సిజన్ సిలిండర్ దొరికి ఉంటేనా" అనేది. అప్పుడు ఊరు ఎలా ఉందో గుర్తు చేయాల్సి వస్తుంది. పక్క రాష్ట్రాల నుంచి కూడా అంబులెన్సులు ఇక్కడికే వస్తుండేవి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వమే ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను బేగంపేట నుంచి వైమానిక దళం విమానాల్లో ఒడిశాకు పంపి నింపించుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వానికే విమానాలు ఎక్కించక తప్పని రోజుల్లో, స్కూటీ మీద తిరిగిన కొడుక్కి సిలిండర్ దొరక్కపోతే అది అతని చేతకానితనమా? ఇది విన్నాక కొందరు చాలాసేపు ఏమీ మాట్లాడరు. తర్వాత కోపం వస్తుంది, ఆస్పత్రి మీద, ప్రభుత్వం మీద, ఫోన్ ఎత్తని బావమరిది మీద. రానిస్తాను. తన మీద తానే పెట్టుకున్న కేసు కొంచెం సడలిందని దాని అర్థం.

నిజంగా జాగ్రత్త తప్పినవాళ్లూ ఉన్నారు. జ్వరం దాచి ఫంక్షన్‌కి వెళ్లినవాళ్లు ఉన్నారు. అలాంటివారితో ఏమీ జరగలేదని నేను అబద్ధం చెప్పను. పొరపాటు పొరపాటే, అయితే అది చంపాలనుకుని చేసిన పని కాదు. ఆ తేడాను వాళ్లు ఒప్పుకోవడానికి నెలలు పట్టినా పట్టవచ్చు.

బయట ఉద్యోగం చేసే కోడలి మీద, నర్సుగా పనిచేసే కూతురి మీద నెపం పడిన ఇళ్లు కూడా నాకు తెలుసు. అక్కడ నా కౌన్సెలింగ్ కంటే, ఇంటి పెద్ద అందరి ముందు ఒక్కసారి "ఇది ఎవరి వల్ల వచ్చిందో మనకు తెల్వది, ఇంక ఆ మాట ఈ ఇంట్లో అనొద్దు" అని గట్టిగా చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

అపోహ: చివరిచూపు లేదు, కర్మ సరిగా జరగలేదు, ఇప్పుడేం చేసినా లాభం లేదు.

గాంధీ ఆస్పత్రి దగ్గర సంచీలో చుట్టిన శరీరాన్ని దూరం నుంచి చూపించారు, నేరుగా ఎర్రగడ్డ ఈఎస్ఐ శ్మశానానికి తీసుకెళ్లారు, ఇద్దరినే రమ్మన్నారు. ఇలా చెప్పినవాళ్లు నాకు చాలామంది తెలుసు. కొన్నిచోట్ల ఆ ఇద్దరు కూడా వెళ్లలేకపోయారు, వాళ్లూ పాజిటివే కాబట్టి.

కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15నే మార్గదర్శకాలు ఇచ్చింది. సంచీ జిప్పు తీసి ముఖం చూపించవచ్చని, శరీరాన్ని ముట్టుకోకుండా మంత్రాలు చదవడం, నీళ్లు చల్లడం లాంటివి చేసుకోవచ్చని, బూడిదతో ఏ ప్రమాదమూ లేదని, అస్థికలు తీసుకోవచ్చని అందులో ఉంది. భయం ఆ కాగితం కంటే వేగంగా పాకింది. అస్థికలు ఇంటికి తేవడానికి కూడా జంకినవాళ్లున్నారు. భయపడినందుకు వాళ్లను తప్పు పట్టను, ఆ రోజు ఎవరికి ఏం తెలుసని?

ఆలస్యమైందని వదిలేయనక్కర్లేదు. తెలంగాణలో పెత్రమాస ఉండనే ఉంది. బతుకమ్మ మొదలయ్యే రోజే పితృ అమావాస్య. తిథి తెలియనివాళ్లకు, కర్మ సరిగా జరగనివాళ్లకు కూడా ఆ రోజు పెట్టుకోవచ్చని పంతుళ్లు చెబుతారు. క్రైస్తవ కుటుంబాలు ఏళ్ల తర్వాత ఆదరణ కూడిక పెట్టుకోవడం, పాతబస్తీలో ముస్లిం కుటుంబాలు బంధువులను పిలిచి అందరూ కలిసి ఖురాన్ చదివించుకోవడం చూశాను. ఏది సరైన పద్ధతో చెప్పే అర్హత నాకు లేదు. మీ పంతులుగారినో, ఇమాంసాబ్‌నో, పాస్టరుగారినో అడగండి. నేను అడిగేది ఒక్కటే: అప్పుడు రాలేకపోయినవాళ్లను ఈసారి పిలవండి. ఫొటో పెట్టి, ఆ మనిషికి ఇష్టమైనది వండి, ఆయన గురించి నలుగురూ నాలుగు మాటలు చెప్పుకునేలా చూడండి. అంత ఖర్చుతో కూడిన పనేం కాదు. ఈ మధ్య దశదినకర్మకు కూడా ఫంక్షన్‌హాల్, కేటరింగ్ అంటూ పోటీ పడుతున్నాం, ఆ టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: దుఃఖానికి అయిదు దశలు ఉంటాయి, వరసగా దాటాలి.

నిరాకరణ, కోపం, బేరసారం, కుంగుబాటు, అంగీకారం. వాట్సాప్‌లో ఇది తిరుగుతూనే ఉంటుంది. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఈ దశల గురించి రాసింది మరణం దగ్గరపడిన రోగులతో మాట్లాడి. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకు దాన్ని తర్వాత అంటించారు. అందరూ అదే వరసలో వెళతారనడానికి పరిశోధనల్లో ఆధారం లేదు. మీకు కోపం రాకపోతే ఏదో లోపం ఉందని అనుకోకండి.

అపోహ: ఏడిస్తేనే భారం దిగుతుంది.

కొందరికి దిగుతుంది. కొందరు ఏడవరు, దుకాణం తెరిచి కూర్చుంటారు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు 1999లో చెప్పిన నమూనా నాకు పనిలో బాగా ఉపయోగపడుతుంది. కాసేపు దుఃఖంలో ఉండటం, కాసేపు కరెంటు బిల్లు, పిల్లల ఫీజు లాంటి పనుల్లో పడటం, మళ్లీ దుఃఖంలోకి రావడం, ఈ అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యకరమంటారు వాళ్లు. భర్త పోయిన మూడో నెలలో టీవీ చూసి నవ్విన ఆడమనిషిని చూసి మొహం చిట్లించేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

అపోహ: ఇన్నేళ్లకు పలకరిస్తే పుండు కెలికినట్టవుతుంది.

వాళ్లు మరిచిపోయి ఉంటే కదా గుర్తుచేయడానికి! నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బాధ, పోయిన మనిషి పేరు ఎవరూ ఎత్తడం లేదనే. అపార్ట్‌మెంట్లలో ఇది మరీ ఎక్కువ. లిఫ్టులో ఎదురైతే కళ్లు దించుకుంటారు. అప్పట్లో ఆ ఇంటి తలుపు తట్టలేదన్న సిగ్గు ఒకటి, ఏం మాట్లాడాలో తెలియని ఇబ్బంది ఇంకొకటి.

నేరుగా చెప్పేయండి. "వదినా, అప్పుడు రాలేకపోయిన. అన్న గుర్తొస్తుంటడు" అంటే చాలు. ఆమె మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే చాయ్ తాగి రండి. "ధైర్యంగుండు", "అంతా మన మంచికే", "వ్యాక్సిన్ ఏసుకోలేదా?" ఇవి మాత్రం వద్దు. మూడోది ప్రశ్నలా వినిపించినా, వాళ్లకు తీర్పులాగే తగులుతుంది.

చేతనైతే పని చేసిపెట్టండి. నన్నడిగితే సగం ఓదార్పు అందులోనే ఉంది. కోవిడ్ మృతుల కుటుంబాలకు రూ. 50,000 సాయం ఇవ్వాలని 2021లో నిర్ణయం అయింది. పాజిటివ్ అని తేలిన 30 రోజుల్లోపు జరిగిన మరణాలు కూడా లెక్కలోకి వచ్చేవి. అయినా డెత్ సర్టిఫికెట్లో కోవిడ్ అని రాయలేదు కాబట్టి మాకు రాదనుకుని ఊరుకున్న కుటుంబాలు నాకు తెలుసు. మీసేవ దాకా తోడు వెళ్లే ఒక్క మనిషి లేక పోయిన డబ్బు అది. బ్యాంకు నామినీ, పింఛను, పిల్లల టీసీ, ఇంటి పన్ను పేరు మార్పు, ఇలాంటివి ఇప్పటికీ కొందరికి మిగిలే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకంలోనూ ఉన్నది ఈ మూడే: చూడండి, వినండి, అవసరమైన సాయంతో కలపండి. దీనికి సైకాలజీ డిగ్రీ అక్కర్లేదు, బస్తీలో మహిళా సంఘం అక్కలు నాకంటే బాగా చేస్తారు.

అపోహ: చిన్నపిల్లలకు చెప్పకూడదు.

"నాన్న ఊరెళ్లాడు" అంటే పిల్లవాడు ఎదురుచూస్తాడు. "నిద్రపోయాడు" అంటే రాత్రి పడుకోవడానికి భయపడతాడు. చనిపోయినవాళ్లు తిరిగి రారని పిల్లలకు అయిదు నుంచి ఏడేళ్ల మధ్య మెల్లగా అర్థమవుతుంది. అంతకంటే చిన్నవాళ్లకు కూడా నిజమే చెప్పాలి, చిన్న మాటల్లో: "నాన్నకు చాలా జబ్బు చేసింది. డాక్టర్లు ప్రయత్నించారు. నాన్న చనిపోయాడు. ఇక రాడు. నిన్ను నేను చూసుకుంటాను." మళ్లీ మళ్లీ అడుగుతారు, అంతే ఓపికగా మళ్లీ చెప్పాలి. చెప్పని ఇంట్లో పిల్లలు తామే కథ అల్లుకుంటారు, అందులో తప్పు తరచుగా తమదే అవుతుంది. అప్పట్లో ఆరేళ్లున్నవాళ్లు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. అప్పుడు చెప్పింది ఇప్పటి వయసుకు సరిపోదు, ఇంకోసారి కూర్చోబెట్టి వివరంగా మాట్లాడండి.

అపోహ: కోవిడ్ వార్డుల్లో, శ్మశానాల్లో పనిచేసినవాళ్లకు చావు అలవాటైపోయి ఉంటుంది.

పనికి అలవాటు పడతారు, చావుకు కాదు. వార్డు బాయ్‌లు, నర్సులు, అంబులెన్స్ డ్రైవర్లు, పారిశుధ్య కార్మికులు, కాటికాపరులకు అప్పట్లో చప్పట్లు కొట్టాం. తర్వాత ఎంతమందిని ఎట్లున్నరని అడిగాం?

అపోహ: పోగొట్టుకున్న ప్రతివాళ్లకూ కౌన్సెలింగ్ కావాలి.

నా వృత్తికి నష్టమే అయినా చెబుతున్నాను, అక్కర్లేదు. మనుషుల తోడు ఉంటే ఎక్కువమంది కౌన్సెలర్ లేకుండానే తేరుకుంటారు. విపత్తు జరిగిన వెంటనే అందర్నీ కూర్చోబెట్టి ఒక్క సిటింగ్‌లో జరిగిందంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంది.

కానీ కొందరికి సాయం తప్పనిసరి. ఆరు నెలలు దాటినా రోజులో ఎక్కువసేపు అదే తపన, ఆ మనిషి వస్తువు ముట్టుకోలేకపోవడం లేదా వాటిని వదిలి ఉండలేకపోవడం, పనిచేయలేకపోవడం, బతుకంతా ఆ రోజు దగ్గరే ఆగినట్టు ఉండడం, ఇవన్నీ కలిసి ఉంటే దాన్ని దీర్ఘకాల శోక రుగ్మత అంటారు. 2022లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో దీన్ని చేర్చారు. దానికంటూ ప్రత్యేకమైన థెరపీ ఉంది, పనిచేస్తుంది. తాగుడు పెరిగినా, అన్నం మానేసినా, "నేనూ ఆయన దగ్గరికే పోతా" అనే మాట వచ్చినా ఆరు నెలలు ఆగక్కర్లేదు. ఆ మాటను సాగదీసి మందలించకుండా, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అలా అడగడం వల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ ఉంది. "ఎర్రగడ్డకు పోతే పిచ్చోళ్లంటరు" అని ఆగేవాళ్లు ఏదైనా పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగానికి వెళ్లవచ్చు. మొదటిసారి వెళ్లేటప్పుడు ఇంట్లో ఒకరు తోడు వెళ్లండి, పాత మందుల చీటీలు పట్టుకెళ్లండి.