తందూరీ ముక్క, సిగరెట్టు ఒకటేనా? కాల్చిన మాంసంపై అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో క్యాన్సర్ రోగులకు ఆహారం చెప్పే డైటీషియన్‌ని. అనంతపురం, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి రోజంతా తెలుగే మాట్లాడుతుంటాను. రంజాన్ నెలలో ఫ్రేజర్ టౌన్ కబాబుల సందడి మొదలైందంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ చూపిస్తారు: "ఒక తందూరీ లెగ్ పీస్ తింటే వంద సిగరెట్లు తాగినట్టే. డబ్ల్యూహెచ్ఓ చెప్పింది."

డబ్ల్యూహెచ్ఓ అలా చెప్పలేదు. ఈ ఒక్క పుకారు చేస్తున్న నష్టం మిగతావన్నీ కలిపినా చేయవు. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

2015 అక్టోబరులో డబ్ల్యూహెచ్ఓకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ప్రాసెస్డ్ మాంసాన్ని (ఉప్పు పట్టించో, పొగబెట్టో, రసాయనాలు కలిపో నిల్వ చేసినదాన్ని) గ్రూప్ 1లో పెట్టింది. సిగరెట్టు కూడా అదే గ్రూపులో ఉంది. పుకారు పుట్టింది ఇక్కడే. ఆ గ్రూపు చెప్పేది "ఇది క్యాన్సర్ కలిగిస్తుందనడానికి రుజువు గట్టిగా ఉంది" అని మాత్రమే. ఎంత కలిగిస్తుందో అది చెప్పదు. ఎంత అనేది ఈ అంకెల్లో ఉంది: ప్రాసెస్డ్ మాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచమంతా కలిపి ఏడాదికి సుమారు 34,000 క్యాన్సర్ మరణాలని అంచనా. పొగాకు వల్ల దాదాపు 10 లక్షలు. మద్యం వల్ల 6 లక్షలు. ఇవి కూడా ఐఏఆర్‌సీ అప్పుడే ఇచ్చిన అంకెలే. ఫార్వర్డ్ చేసేవాళ్లు వీటిని మాత్రం పంపరు.

పైగా మీ చికెన్ కబాబ్ ఆ గ్రూపులోనే లేదు. అందులో ఉన్నవి సాసేజ్, సలామీ, హామ్, బేకన్ లాంటివి. మటన్, బీఫ్, పోర్క్ 2ఎలో ఉన్నాయి, అంటే "బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు, కానీ రుజువు అంత గట్టిగా లేదు" అన్న గ్రూపులో. ఇక వండే పద్ధతి వల్ల క్యాన్సర్ ముప్పు మారుతుందా అంటే, తేల్చి చెప్పడానికి తగినంత సమాచారం లేదని అదే సంస్థ రాసింది. తందూరీకి భయపడే తల్లి పిల్లాడి టిఫిన్ బాక్సులో రోజూ సాసేజ్ పెట్టి పంపుతుంటే నాకు బాధేస్తుంది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్న లెక్క ఉన్నది దాని మీద.

అలాగని బొగ్గుల మీద కాల్చింది ఎంత తిన్నా ఏమీ కాదని కాదు. కొవ్వు కరిగి నిప్పుల మీద పడితే లేచే పొగలో బెంజోపైరీన్ లాంటి పీఏహెచ్‌లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ముక్కకు పట్టుకుంటాయి. ఎక్కువ వేడికి మాంసంలోని క్రియాటిన్, అమైనో ఆమ్లాలు కలిసి హెచ్‌సీఏలు అనే ఇంకో రకం రసాయనాలు తయారవుతాయి. క్యాన్సర్ భయం ఈ రెండింటి గురించే. పుకారు పుట్టించినవాళ్లు ఇందులో బెంజోపైరీన్ ఒక్కటి పట్టుకుని సిగరెట్లతో లెక్క కట్టారు. సిగరెట్ పొగలో క్యాన్సర్ కారకాలు దాదాపు 70 ఉన్నాయి. అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి, రోజూ, రోజుకు ఎన్నోసార్లు వెళ్తాయి. నెలకోసారి తినే కబాబ్ దానికి ఎలా సమానమవుతుంది?

దీనివల్ల నష్టం ఎవరికో చెప్తాను. కదిరి దగ్గరి నుంచి ఒకాయన వచ్చారు. పెద్దపేగుకు ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది, మనిషి రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. ఏం తింటున్నారని అడిగితే భార్య స్టీలు క్యారియర్ విప్పింది. ఒక గిన్నెలో పల్చటి రాగి జావ, ఇంకోదాంట్లో దానిమ్మ గింజలు. గుడ్డు లేదు, పప్పు లేదు, కోడికూర అసలే లేదు. "పండగలకి నేనే నిప్పుల మీద కాల్చి పెట్టినాను మేడమ్. నా చేతులతోనే తెచ్చినానా ఈ రోగం?" అని ఏడ్చింది. కొడుకు ఫోన్లో చూసి చెప్పాడట. ఆయన చొక్కా జేబులో బీడీ కట్ట కనిపిస్తూనే ఉంది. దాని గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

"నీ వల్ల కాదమ్మా" అని ఆమెకి పదేపదే చెప్పాల్సి వచ్చింది. పండక్కి కాల్చిన కోడిని పట్టుకుని ఫలానా మనిషికి క్యాన్సర్ దానివల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు. కీమోలో ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ చూస్తాం. 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. జావతో అది రాదు. గుడ్డుకి 6 గ్రాములు వస్తుంది, ఆ పైన పప్పు, పెరుగు, ఉడికించిన చికెన్. కిడ్నీ జబ్బు లాంటిది ఉంటే లెక్క మారుతుంది, మీ డాక్టర్నే అడగండి. బీడీ, సిగరెట్టు, ఖైనీ ఏదైనా మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చేయండి. ప్రభుత్వ క్విట్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గ్యాస్ మీద కాల్చిన వంకాయ పచ్చడి నిశ్చింతగా తినండి. కూరగాయల్లో క్రియాటిన్ ఉండదు, మాడిన తొక్క ఎలాగూ తీసేస్తాం. నంది హిల్స్ దారిలో అమ్మే మొక్కజొన్న పొత్తూ అంతే, బొగ్గులా మాడిన గింజలు వదిలేయండి. పెరుగు, నిమ్మరసం, పసుపు, వెల్లుల్లి పట్టించి నానబెడితే హెచ్‌సీఏలు తగ్గుతాయి. ఆ మాట నిజమే, మన అమ్మమ్మల కాలం నుంచీ చేస్తున్న పనే. చర్మం, కొవ్వు తీసేయడం, ముక్కని మంటకు తగలకుండా తరచూ తిప్పడం, ముందు కొంచెం ఉడికించి తర్వాత కాల్చడం కూడా పనికొస్తాయి. నల్లబడుతుందని పచ్చిగా దించేయొద్దు. చికెన్ లోపల 74 డిగ్రీల వేడి తగలకపోతే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాతో మంచం పడతారు.

పొగబెట్టిన మాంసం రోజువారీ తిండి అయితే మాత్రం సంగతి వేరు. దేశంలో కడుపు క్యాన్సర్ అందరికంటే ఎక్కువగా కనిపించే మిజోరంలో పొగబెట్టిన మాంసం, ఉప్పు, పొగాకు నీళ్లు (పొగాకు పొగ పట్టించిన నీళ్లు, నోట్లో పోసుకుని ఉంచుకుంటారు) అన్నీ నిత్యం వాడతారు.

తినేవాళ్ల గురించే ఇంత చర్చ గానీ ఆ పొగ పీల్చేవాళ్లని ఎవరూ తలుచుకోరు. కట్టెల పొయ్యి పొగని ఐఏఆర్‌సీ 2ఎలో పెట్టింది. ఊళ్లో మీ అమ్మ ఇంకా ఆ పొయ్యి ముందే కూర్చుంటుంటే, తందూరీ మెసేజ్ పంపే బదులు ఆవిడ గ్యాస్ సిలిండర్ సంగతి చూడండి.

ఇంకొక్కటి. డిసెంబరు చలికి హోమ్‌స్టేలకు వెళ్లి బార్బెక్యూ పెట్టుకుంటారు కదా, తినడం అయ్యాక వెచ్చగా ఉంటుందని ఆ నిప్పుల్ని గదిలోకో టెంట్‌లోకో తెచ్చుకోకండి. మంట ఆరినా కణికలు ఎర్రగా ఉన్నంతసేపూ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నీళ్లు పోసి పూర్తిగా ఆర్పి, గ్రిల్లుని రాత్రంతా ఆరుబయటే ఉంచండి.