డ్రైవర్ సీట్లో ఎవరున్నారు?

చిట్టితల్లికీ, తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

నాన్న ఎలక్ట్రిక్ కారు కొంటానంటే వద్దని ఏడ్చావట, అమ్మ చెప్పింది. ఆ తర్వాత నువ్వే ఫోను లాక్కుని అడిగావు: "అమెరికాలో డ్రైవర్ లేకుండా దానంతట అదే వెళ్ళిన కారు చెట్టుకి గుద్దుకుని ఇద్దరు చనిపోయారట, మంటలు నాలుగు గంటలు ఆరలేదట, నిజమేనా తాతయ్యా?" అని. క్లాసులో ఎవరో చెప్పారన్నావు. ఇది ఫోన్లో తేలే జవాబు కాదు. అందుకే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

ఇద్దరు చనిపోయిన మాట నిజం. 2021 ఏప్రిల్ 17, శనివారం రాత్రి తొమ్మిది దాటాక జరిగింది. టెక్సస్ రాష్ట్రంలో హ్యూస్టన్‌కి ఉత్తరాన స్ప్రింగ్ అనే చోట, ఇళ్ళ మధ్య వీధిలో. కారు టెస్లా మోడల్ ఎస్. అందులో ఉన్నవాళ్ళలో ఒకాయనకి 59 ఏళ్ళు, ఇంకొకాయనకి 69. ఇంటి దగ్గర బయల్దేరిన కారు 550 అడుగులు వెళ్ళేసరికి మలుపులో రోడ్డు దిగిపోయింది. మురుగు తూముని, పైకి లేచి ఉన్న మ్యాన్‌హోల్‌ని, చివరికి చెట్టుని గుద్దుకుని అంటుకుపోయింది.

మంట తగ్గాక చూస్తే ఒకరు ముందు పక్క సీట్లో ఉన్నారు, ఒకరు వెనక సీట్లో ఉన్నారు. డ్రైవర్ సీటు ఖాళీ. మర్నాడే అక్కడి కాన్‌స్టేబుల్ విలేకరులకి చెప్పేశాడు, గుద్దుకున్నప్పుడు నడిపే మనిషి లేడని తాము దాదాపు పూర్తి నమ్మకంతో ఉన్నామని. (టెక్సస్‌లో కాన్‌స్టేబుల్ అంటే జనం ఓట్లేసి ఎన్నుకునే పెద్ద అధికారి. అందుకే ఆ మాటకి అంత బరువు వచ్చింది.) టెస్లాలో స్టీరింగ్‌నీ వేగాన్నీ కొంతవరకు తనంతట తానే చూసుకునే ఆటోపైలట్ అనే ఏర్పాటు ఉంది కదా, ఇంకేం, ప్రపంచమంతా అల్లుకుపోయింది. కారుకి నడపడం అప్పగించి ఇద్దరూ సరదాగా కూర్చున్నారని కొందరు, కంప్యూటర్‌కి పిచ్చెక్కిందని కొందరు. చనిపోయినవాళ్ళని వెక్కిరించినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఇళ్ళలో ఆ వారం ఎలా గడిచిందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

అమ్మమ్మ పెరుగు తోడు పెట్టడం నువ్వు చూశావు కదా? పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, చెంచాడు మజ్జిగ వేసి, మూత పెట్టి గూట్లో పెడుతుంది. ఆ తర్వాత గిన్నె జోలికి ఎవర్నీ పోనివ్వదు. తోడుకుందా లేదా అని గంటకోసారి వేలు పెట్టావనుకో, గడ్డ కట్టదు, నీళ్ళ నీళ్ళగా విడిపోతుంది. ప్రమాదం తర్వాత నిజం కూడా అలాగే తోడుకుంటుంది తల్లీ. పాలు వేడిగా ఉన్నప్పుడే తోడు వేస్తే విరిగిపోతాయి. మంటలు ఆరీ ఆరకముందే చెప్పే మాటలు అలాంటివే. గిన్నె కదపకుండా, మూత తియ్యకుండా, పొద్దున్నదాకా ఓపిక పట్టేవాళ్ళు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి. అమెరికాలో ఆ పని చేసేది జాతీయ రవాణా భద్రతా బోర్డు. విమానం కూలినా, రైలు పట్టాలు తప్పినా, ఇలాంటి కారు ప్రమాదం జరిగినా వాళ్ళే వస్తారు. ఎవరికీ శిక్ష వెయ్యరు. ఎందుకు జరిగిందో తేలుస్తారు, మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలో చెబుతారు, అంతే.

కారు కంపెనీ అధిపతి ఇలాన్ మస్క్ రెండు రోజుల్లోనే, దొరికిన రికార్డుల ప్రకారం ఆటోపైలట్ వేసి లేదని అన్నాడు. జనం నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పు లేదు, సరుకు అమ్మేవాడి మాట ఒక్కటే సాక్ష్యం కాకూడదు. అదే వారం కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే సంస్థ తన సొంత ట్రాక్ మీద, స్టీరింగ్‌కి బరువు తగిలించి, డ్రైవర్ సీట్లో ఎవరూ లేకుండా ఇంకో టెస్లా కారుని నడిపించి చూపింది. అలా చెయ్యడం వీలవుతుందని దానితో తేలింది. స్ప్రింగ్‌లో ఆ రాత్రి అలాగే జరిగిందని మాత్రం తేలలేదు. ఈ రెండిటి మధ్య ఉన్న తేడా నీకు అర్థమైతే ఈ ఉత్తరం సగం చదివినట్టే.

నా చిన్నప్పుడు మా ఊరి కాలువ వంతెన మీంచి ధాన్యం లారీ ఒకటి కింద పడింది. డ్రైవరు అక్కడే పోయాడు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట, తాగి నడిపాడని. సీసా చూశామన్నవాళ్ళు కూడా బయల్దేరారు. ఆ డ్రైవరు కొడుకు మా క్లాసులోనే, నా ముందు బల్ల మీద కూర్చునేవాడు. బడికి వచ్చినప్పుడు వాడి పక్కన చోటు ఖాళీగా ఉండేది. వాడు తల దించుకుని పలక మీద ఏదో గీస్తూ ఉండేవాడు, మాస్టారు పిలిచినా వినిపించేది కాదు. కొన్నాళ్ళకి గొలుసులు కట్టి లారీని పైకి లాగారు. మేమంతా గట్టు మీద నిలబడి చూశాం. పట్నం నుంచి వచ్చిన ముసలి మెకానిక్ కిందకి దూరి బ్రేకు గొట్టం ఒకటి విప్పి తెచ్చాడు. దాని మీద బురద తన లుంగీ కొసతో తుడిచి ఎండకి పట్టుకున్నాడు. పొడుగ్గా చీలిక, తుప్పు పట్టిన అంచులతో. అది ఆ పూట తెగింది కాదు, ఎప్పటి నుంచో చీలుతూ వస్తోందన్నాడు. సీసా చూశామన్నవాళ్ళెవరూ ఆ రోజు గట్టు మీద కనబడలేదు. లారీ పడ్డ సంగతి పది ఊళ్ళకి తెలిసింది. గొట్టం చీలిన సంగతి మా గట్టు దాటలేదు.

మా ఊళ్ళో మనిషిని అనుమానించారు, తీరా చూస్తే తప్పు యంత్రానిది. టెక్సస్‌లో యంత్రాన్ని అనుమానించారు. అక్కడేం తేలిందో విను.

నెల తిరక్కుండానే బోర్డు మొదటి నివేదిక ఇచ్చింది. కారు యజమాని డ్రైవర్ సీట్లోకి, స్నేహితుడు పక్క సీట్లోకి ఎక్కడం ఇంటి కెమెరాలో కనబడింది. అదే వీధిలో అలాంటి కారునే తీసుకెళ్ళి పరీక్షించారు. ఆటోపైలట్‌లో స్టీరింగ్‌ని తనంతట తాను తిప్పే భాగం అక్కడ అసలు పనిచెయ్యలేదు. ఆ ఏర్పాటుకి రోడ్డు మీద గీతలు కావాలి. ఇక ఎయిర్‌బ్యాగుల్ని నడిపే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అదీ కాలింది. దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళి, ఆ తర్వాతి నెలల్లో అందులో ఉన్నది చదివారు. గుద్దుకోకముందు ఐదు సెకన్లు దానికి గుర్తున్నాయి! ఐదే సెకన్లు, కానీ ఎంత స్పష్టంగా చెప్పాయో చూడు: ముందు సీట్లలో ఇద్దరూ బెల్టులు పెట్టుకునే ఉన్నారు, యాక్సిలరేటర్ ఒక దశలో 98.8 శాతం దాకా నొక్కి ఉంది, వేగం గంటకి 67 మైళ్ళు, అంటే 108 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. స్టీరింగ్ చక్రం వంగిన తీరు కూడా దాని వెనక మనిషి ఉన్నాడనే చెప్పింది. గుద్దుకున్నాక బయటపడే దారి వెతుక్కుంటూ ఆయన వెనక్కి జరిగి ఉంటాడని నాకనిపిస్తుంది. అంత మంటలో పెట్టె మాట దక్కిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తుది నివేదిక 2023 ఫిబ్రవరిలో వచ్చింది. మితిమీరిన వేగం, కారు మీద పట్టు తప్పడం. అందుకు కారణం మద్యం, దానికి తోడు మత్తు తెప్పించే అలర్జీ మందులు. దాదాపు రెండేళ్ళు పట్టింది పెరుగు తోడుకోవడానికి. అప్పటికి జనం వేరే వార్తల్లో పడిపోయారు. మీ క్లాసుకి వచ్చింది చూడు, ఇప్పటికీ మొదటి రోజు మాటే.

నాలుగు గంటల మంట సంగతీ అంతే. పైకి కనిపించే మంట కొద్ది నిమిషాల్లోనే అదుపులోకి వచ్చిందని అగ్నిమాపక అధికారి తర్వాత చెప్పాడు. మిగతా సమయమంతా బ్యాటరీ మళ్ళీ రాజుకోకుండా నీళ్ళు పోస్తూ కాపు కాశారు. ఆ బ్యాటరీలో చిన్న చిన్న సెల్స్ వేల సంఖ్యలో ఉంటాయి. ఒకటి నలిగి వేడెక్కితే పక్కదాన్ని వేడెక్కిస్తుంది, అది ఇంకోదాన్ని. అందుకే ఆరినట్టే ఆరి మళ్ళీ అంటుకోవచ్చు.

నీ భయం ఉత్తదని చెప్పను. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. ఆటోపైలట్‌కీ మచ్చ లేదనను. 2018లో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో అది కారుని తీసుకెళ్ళి డివైడర్‌కి కొట్టింది, నడిపే ఆయన చూపు రోడ్డు మీద లేదు. అదీ ఈ బోర్డే తేల్చింది. యంత్రం తప్పయితే యంత్రం తప్పని, మనిషి తప్పయితే మనిషి తప్పని చెప్పేవాళ్ళు ఉండబట్టే ఏ కారులో కూర్చోవచ్చో, ఎలా కూర్చోవాలో మనకి తెలుస్తోంది. కాబట్టి నాన్నతో ఏడుపు మాను. బ్యాటరీ గురించి ఏం అడగాలో ఒక కాగితం మీద రాసుకుని, షోరూంకి తనతో పాటు వెళ్ళు.

ఈలోగా నాకో పని చేసిపెట్టు. ఆదివారం నాన్నతో కారెక్కినప్పుడు ముందు అద్దంలోంచి రోడ్డు మీద తెల్ల గీతలే చూస్తూ ఉండు. తమ్ముడిని ఎడమ పక్క చూడమను. మెయిన్ రోడ్డు మీద ఎలా ఉన్నాయి, ఎక్కడ చెరిగిపోయాయి, మీ వీధి మలుపు దగ్గర ఉన్నాయా లేవా? గేదెలు అడ్డం పడుకున్న చోటు కూడా లెక్కలోకి వస్తుంది. గీతలు చూసి తప్ప దారి తెలుసుకోలేని కారు అయితే ఎక్కడ ఆగిపోయేదో నువ్వే చెప్పాలి. బొమ్మ గీసి పంపు.

తాతయ్య