తల్లికోడి కింద పిల్లలకు మేత: అపోహలు - వాస్తవాలు

"పొద్దున గుడ్డులోంచి లేచిన పిల్లలండీ, సాయంత్రమైనా ఒక్క గింజ ముట్టలేదు, టెన్షన్‌గా ఉంది." పెరట్లో నాటుకోళ్లు పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఏటా నాలుగైదు పెట్టల్ని పొదగేస్తాను కాబట్టి నాకు తెలిసింది చెప్తున్నా. చలికో దిష్టికో పిల్లలు పోయాయని అనుకునే చాలా ఇళ్లలో, మేత పళ్లెం చూస్తే అసలు కారణం అక్కడే కనిపిస్తుంది.

అపోహ: పెంకు పగలగానే మేత పెట్టాలి, లేకపోతే నీరసించి చచ్చిపోతాయి.

పిల్ల గుడ్డులోంచి బయటికి రాబోయే ముందు మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాగేసుకుంటుంది, దాంతో రెండు రోజులు గడిచిపోతాయి. హేచరీల వాళ్లు ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో వందల కిలోమీటర్లు పంపగలిగేది అందుకే. పైగా గుడ్లన్నీ ఒకేసారి పగలవు. పొదగేసిన 21వ రోజు మొదలైతే ఆఖరి పిల్ల లేచేసరికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. ఈలోపు మనం ఆత్రంగా గూటి ముందు నూకలు చల్లామనుకోండి, మూడు వారాలుగా రోజుకోసారి లేచి నాలుగు గింజలు తిని మళ్లీ కూర్చున్న పెట్ట, అప్పటికే లేచిన పిల్లల్ని వెంటేసుకుని దిగిపోయే ప్రమాదం ఉంది. మిగిలిన గుడ్లు చల్లబడిపోతాయి. అలా వదిలేసిన గుడ్డును ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, లోపల పిల్ల సన్నగా అరుస్తూ పెంకును టిక్కు టిక్కుమని కొడుతూనే ఉంది. చీకటి పడ్డాక తల్లిని మళ్లీ గుడ్ల మీద కూర్చోబెడితే తెల్లారేసరికి ఆ పిల్ల కూడా రెక్క కిందనుంచి తల బయటపెట్టింది.

అలాగని మూడు రోజులు కడుపు మాడ్చాలనే మాటా తప్పే. తల్లి తనంతట తాను పిల్లలతో గూడు దిగిందంటే ఇక మేత, నీళ్లు పెట్టాలి.

అపోహ: నూకలు చాలు, మా అమ్మమ్మ అవే పెట్టేది.

దీని గురించే నాకు ఎక్కువ బాధ. అమ్మమ్మ నూకలు పెట్టిన మాట నిజమే, కానీ అప్పుడు పెంటకుప్ప ఉంది, పశువుల కొట్టం ఉంది, తల్లికోడి పొద్దంతా కాళ్లతో గీరి పురుగులు, చెదలు బయటికి తీసి పిల్లలకు తినిపించేది. ఇప్పుడు సిమెంటు వాకిట్లో, మేడ మీద పెంచుతూ నూకలు మాత్రమే పెడితే పిల్ల ఎక్కడ పెరుగుతుంది? బియ్యపు నూకల్లో మాంసకృత్తులు ఏడెనిమిది శాతమే, పెరిగే పిల్లకు కావలసింది 20 శాతం దాకా. రెక్కలు వేలాడేసి, ఈకలు సరిగ్గా రాక, నెలైనా పిడికెడు కూడా ఎదగని పిల్లల్ని చూస్తే రోగమేమో అనుకుంటాం, చాలాసార్లు అది ఒట్టి పోషణ లోపం.

దొరికితే పిల్లల కోసమే అమ్మే చిక్ స్టార్టర్ తెచ్చుకోండి. మొదటి వారంలో ఒక్కో పిల్ల రోజుకు తినేది పది గ్రాముల లోపే, పది పిల్లలకు పెద్ద ఖర్చేం కాదు. దొరక్కపోతే రెండు వంతుల సన్న నూకలకు ఒక వంతు వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) పొడి కలపండి, మాంసకృత్తులు 19 శాతం దగ్గరికి వస్తాయి. దానికి తోడు ఉడికిన గుడ్డు నలిపి గానీ, చెదలు గానీ. గుడ్డు పెడితే పెద్దయ్యాక తమ గుడ్లు తామే పొడుచుకు తింటాయంటారు, నా కోళ్లలో నేనెప్పుడూ అది చూడలేదు. చెదలకైతే పాత పద్ధతే: కుండలో గడ్డి, పేడ కుక్కి నీళ్లు చిలకరించి చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి నిండుతుంది. మందు కొట్టిన చోట మాత్రం వద్దు. బూజు పట్టిన చెక్క అసలు వద్దు, అందులోని విషం పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉప్పు, కారం కలిసిన కూరన్నం కూడా పెట్టకండి.

అపోహ: తల్లికి పెట్టే లేయర్ మేతే (గుడ్లు పెట్టే కోళ్ల మేత) పిల్లలకూ పెట్టొచ్చు, ఎముకలు గట్టిపడతాయి.

ఈ తప్పు నేనే చేశాను. పెద్ద కోళ్ల మేత మిగిలిందని నెల రోజులు అదే వేశాను. పిల్లలు మందకొడిగా తయారయ్యాయి, ఒక్కొక్కటే పోవడం మొదలైంది. పశువైద్యుడు చనిపోయిన పిల్లను కోసి చూపించారు: కిడ్నీలు ఉబ్బి, సుద్ద పూసినట్టు తెల్లగా ఉన్నాయి. గుడ్లు పెట్టే కోడి మేతలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది, పిల్లకు ఒక శాతం చాలు. గుడ్డు పెంకుల పొడి కలపడం కూడా ఇలాంటిదే. తిరగేసి చేయండి: పిల్లల మేతే తల్లికీ పెట్టండి, ఆ రోజుల్లో తను గుడ్లు పెట్టదు కాబట్టి ఏమీ కాదు, పైగా పొదుగులో చిక్కిపోయిన పెట్ట తేరుకుంటుంది.

అపోహ: తల్లే అంతా తినేస్తుంది, పిల్లలకు మిగల్చదు.

ఒక్క పది నిమిషాలు దగ్గర కూర్చుని చూడండి. గింజను ముక్కుతో తీస్తుంది, మింగదు, కింద పడేస్తుంది, మళ్లీ తీస్తుంది, కుక్ కుక్ కుక్ మని పిలుస్తుంది. పిల్లలు ఉరికొచ్చి ఆ ముక్కు దగ్గరే పొడుస్తాయి, అలాగే మేత ఏదో నేర్చుకుంటాయి. ఆకలి మీదున్న పెట్ట కొంచెం ఎక్కువే తింటుంది, అది నిజం. అందుకు గంప ఉంది కదా: తల్లిని గంప కింద మూసి, అంచు కింద రెండు రాళ్లు పెట్టి ఎత్తితే పిల్లలు బయటికొచ్చి తిని మళ్లీ రెక్క కిందికి దూరతాయి. మేత నున్నటి కాగితం మీద వేయకండి, కాళ్లు జారి పక్కకు విడిపోతాయి. గోనె సంచి మేలు.

నీళ్లకు లోతు లేని మూత, అందులో గులకరాళ్లు. గిన్నె లోతుగా ఉంటే పిల్ల పడి మునిగిపోతుంది, లేదా తడిసి చలికి పోతుంది.

అపోహ: పసుపు నీళ్లు పెడితే కొక్కెర తెగులు రాదు.

కోళ్లను తుడిచిపెట్టే ఈ అంటురోగం (రాణిఖేత్) రాకుండా ఆపేది టీకానే. పిల్లలకు అయిదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయించండి.

స్టార్టర్ మేత రెండు నెలల దాకా ఆపొద్దు. ఆ తర్వాత తల్లి దగ్గరికి రానివ్వకుండా పొడిచి తరుముతుంది, అప్పటినుంచి జొన్నలు, సజ్జలు కొంచెం కొంచెంగా అలవాటు చేయండి, గింజ అరగడానికి పక్కన కాస్త ఇసుక కూడా పోయండి.